నలుగురికి ఒక్క ఆసనం

నాకు స్వాములంటే మొదటినుంచీ పడదు. వాళ్ళెవరూ నాకు అపకారం చేసింది లేదు. కానీ ఊళ్ళోకి ఒక స్వామి దిగాడంటే చేదబావి కాడినుంచి అంగడిదాకా అదే ముచ్చట, పొయ్యి మీది అన్నం మాడినా పట్టించుకునేవాళ్ళుండరు. అయినా ఈ కథలో స్వామిని కావాలని చిన్నబుచ్చను. జరిగింది జరిగినట్టే చెబుతాను. మా ఇంటికీ అంతయ్య ఇంటికీ నడుమ ఉన్నది ఒకటే మట్టిగోడ. అటువైపు ఎవరైనా తుమ్మితే ఇటువైపు నేను నిండు నూరేళ్ళు అనేదాన్ని. అందుకని ఆ ఇంటి సంగతుల్లో నాకు తెలియనిదంటూ లేదు, ఒక్క మంత్రం తప్ప.

అప్పుడు సిరిసిల్లకు కరెంటు మగ్గాలు వచ్చిన కొత్త. మా దగ్గర వాటిని సాంచెలు అంటారు. అంతయ్యది పాత గుంటమగ్గం. ఇంటి నడుమ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని పొద్దస్తమానం నేసేవాడు. పెళ్ళాం కమలవ్వ రాట్నం మీద కండెలు చుట్టేది. కోడలు బాలలక్ష్మి నూలుకు గంజి పెట్టేది. కొడుకు సిద్దిరాములు తండ్రి లేచినప్పుడల్లా మగ్గం మీద కూర్చునేవాడు. నలుగురి చేయీ పడితే ఒక బట్ట. కూలి మాత్రం అంతయ్య ఒక్కడి పేరు మీద వచ్చేది. ఆ కూలి నాలుగు నోళ్ళకు చాలక, ఏడాది కిందట సిద్దిరాములు లింగమూర్తి సేటు కార్ఖానాలో సాంచె మీదికి పోయాడు. కొడుకు పోయాక అంతయ్యకు ఒక్కడికీ సాగలేదు. నూలు తేవడం మానేశాడు. మగ్గం మీద కమలవ్వ ఉల్లిగడ్డలు ఆరబోసుకునేది.

సిద్దిరాములుకు అప్పటినుంచి నిద్ర పోయింది. సాంచె చప్పుడు చెవుల్లో నిలబడిపోయిందని అందరం అనుకున్నాం. చాప మీద దొర్లేవాడు, లేచి కూర్చునేవాడు, మళ్ళీ దొర్లేవాడు. పగలు సాంచె ముందు నిలబడి తూగేవాడు. పోగు తెగినా చూసుకునేవాడు కాదు. సాంచెకు కళ్ళు లేవు కదా, తెగిన పోగుతోనే నేసుకుంటూ పోయేది, బట్ట పొడవునా గీత పడేది. లింగమూర్తి కొన్నాళ్ళు అరిచాడు, కొన్నాళ్ళు కూలి కోశాడు, చివరకు ఇంటి ముందుకొచ్చి నలుగురూ వినేటట్టు చెప్పాడు.

"సాంచె మీదున్న పడుగు దిగెదాక జూస్త. అంతల మళ్ళ గీతల బట్ట వచ్చిందనుకో, భీవండి దారి పట్టుడే నువ్వు."

పడుగు దిగడమంటే సాంచెకు ఎక్కించిన నిలువుపోగులు నేసి అయిపోవడం, ఇంకొన్నాళ్ళ మాటే. భీవండి అంటే మా వాడకట్టులో ఆడవాళ్ళందరికీ గుండెల్లో గుబులు. బొంబాయి పక్కనున్న ఆ ఊరి మిల్లులకు పోయినవాళ్ళు ఎప్పుడో పండక్కి వస్తారు, దగ్గుతూ వస్తారు, సొంత పిల్లలే చుట్టమనుకుని తలుపు చాటుకు పోతారు. బాలలక్ష్మి అన్న భూమన్న అట్లా పోయినవాడే. వదిన అతడికి చుట్టానికి ఇచ్చినట్టు నీళ్ళచెంబు అందించడం బాలలక్ష్మి చూసింది. తనకు ఆ బతుకు వద్దు. భర్తకు నిద్ర పడితే చాలు, బట్ట బాగుపడుతుంది, మనిషి ఇంట్లో ఉంటాడు. అందుకని వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కింది, గసగసాలు నూరి పాలల్లో పోసింది, దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు నాడి చూసి, మనసు నిమ్మళంగా ఉంచుకొమ్మని పంపాడు. ఆ మాట నేనూ చెబుదును, అంతదూరం నడవవలసిన పని లేదు.

సరిగ్గా అప్పుడే నిశ్చలానంద స్వామి మా ఊళ్ళో దిగాడు. ధ్యానం నేర్పుతాడట. మనసు కుదుటపడుతుంది, పిలవకుండానే నిద్ర వస్తుంది అని బజారులో పంచిన కాగితంలో అచ్చు వేశారు. బస రాత్రింబవళ్ళు నడిచే లింగమూర్తి కార్ఖానా పై అంతస్తులో, పాఠం వర్తకుల సత్రంలో, ఐదు పొద్దులు. రుసుము ఇరవై ఒక్క రూపాయలు, కొబ్బరికాయ, పండ్లు, కట్టుకోవడానికి కొత్త తెల్లపంచె. సిద్దిరాములు వారం కూలి అందులో సగం కూడా కాదు.

సత్రం అరుగు మీద స్వామి శిష్యుడొకడు రేకుబిళ్ళలు ముందేసుకుని కూర్చున్నాడు. పైకం కట్టినవాళ్ళకు ఒక బిళ్ళ ఇచ్చేవాడు. గుంటూరు వైపు మనిషి. కమలవ్వ నన్ను వెంటబెట్టుకుని పోయి అతడి ముందు చతికిలబడి, వంకాయల బేరం మొదలుపెట్టింది.

"అయ్యా, మా కొడుకుకు సగం ధ్యానం నేర్పితే ఎంత తీస్కుంటరు?"

"సగం ధ్యానం అనేది ఉండదండీ."

"మావోనికి దేవుడు కనవడుడు గిట్ల వద్దు. నిద్ర దాకనే నేర్పుండ్రి. ఆపైనదంత సేట్లకు జెప్పుకోండ్రి."

"అట్లా ముక్కలు చేసి ఇవ్వడం కుదరదమ్మా."

"పోనీ, ఆఖరి దినం మిగిలిన బిళ్ళలేమన్న ఉంటే అగ్గువకు ఇస్తరా?"

శిష్యుడు నుదురు రుద్దుకున్నాడు. అతడి బాధ వేరే ఉంది. ముగింపు రోజున వేదిక చుట్టూ కట్టడానికి యంత్రం తగలని తెల్లబట్ట కావాలని స్వామి పట్టుబట్టాడట. గుంటమగ్గాలు ఊళ్ళో ఇంకా ఉన్నా అందరూ సొసైటీ చీరల మీద ఉన్నారు, ఒక్కరికీ తీరిక లేదు. ఇది ఎట్లా కుదురుతుందో తెలియడం లేదని అతడు నోరు జారి అన్నాడు. కమలవ్వ ఆ మాటను కింద పడనివ్వలేదు.

"నూలు మీది, చెయ్యి మాది. ఆఖరి దినానికి బట్ట ఇస్తం. కూలి వద్దు, బిళ్ళ ఇయ్యి."

అట్లా ఉల్లిగడ్డలు దిగి మగ్గం మీదికి పడుగు ఎక్కింది. ఇంటిల్లిపాదీ పట్టి పాఠం మొదలయ్యే రోజుకు దాన్ని సిద్ధం చేశారు. బిళ్ళ చేతికి వచ్చాక గానీ అసలు చిక్కు తెలియలేదు. పాఠం పొద్దున. సాంచె మీద సిద్దిరాములు పాళీ కూడా పొద్దున్నే మొదలు. కాస్త ఆలస్యంగా వస్తానని సేటును అడిగాడు.

"నువ్వు కండ్లు మూసుకొని కూసుంటే నా సాంచె ఎవడు జూస్తడు?" అన్నాడు లింగమూర్తి. తాను మాత్రం మొదటి వరుసలో పట్టుచాప వేసుకుని కూర్చోబోతున్నాడు. సాంచె ఆగకూడదు, సేటు ఆగితే ఫరవాలేదు.

ఆ సాయంత్రం గోడ అవతల పంచాయితీ నడిచింది.

"బిళ్ళ మీద పేరు లేదు గద అత్తా. నేను పోయి నేర్చుకొని వచ్చి జెప్త," అన్నది బాలలక్ష్మి.

"ఐదు పొద్దులు నువ్వే పోతే గంజి ఎవరు వెడుతరు? బట్ట అందియ్యాలె గద. ఒకళ్ళెనక ఒకళ్ళం పోదాం. తలా ఇంత తెచ్చి పిల్లగానికి పెడుదాం," అన్నది కమలవ్వ.

అంతయ్యకు ఆ మాట నచ్చింది. బట్ట ఏనాడైనా ఒక్కరు నేశారా? కండె ఒకరిది, గంజి ఒకరిది, నేత ఒకరిది. ధ్యానం కూడా అట్లాగే ఇంట్లో కూడుతుందనుకున్నారు. ఇటుపక్క నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. వాళ్ళను చూసి నవ్వానే గానీ, ఇంకో దారి ఏముందో చెప్పమంటే నాకూ తెలియదు.

మొదటి పొద్దు కమలవ్వ పోయింది. శిష్యుడు బిళ్ళ చూసేవాడు గానీ మొహాలు చూసేవాడు కాదు. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. స్వామి కళ్ళు ఎర్రగా జ్యోతుల్లా ఉన్నాయని, అది తపస్సు తేజమని కమలవ్వ వచ్చి చెప్పింది. ఆ రోజు పాఠం కూర్చోవడం. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవాలి. పుట్టినప్పటినుంచి రాట్నం మీదికి వంగిన వెన్ను, అదెక్కడ నిలబడుతుంది? స్వామి చూసి, పెద్దవాళ్ళు గోడకు ఆనుకోవచ్చని సెలవిచ్చాడట. కమలవ్వ తెచ్చిన పాఠం అదే.

"గోడకు ఆనుకో బిడ్డా. సామి స్వయంగ జెప్పిండు."

సిద్దిరాములు తిని, గోడకు ఆనుకున్నాడు. పక్కనే అంతయ్య గుంటలో దిగి నేస్తున్నాడు. బట్ట తొందర కదా, దీపం పెట్టినా ఆపలేదు. నేను పొయ్యి ఆర్పి వచ్చేలోపు గోడ అవతలినుంచి గురక వినిపించింది. ఏడాది తరవాత ఆ ఇంట్లో గురక అది. కమలవ్వ పెరటిగోడ మీదుగా తల పెట్టి, "శంకరవ్వా, జర నీ కోళ్ళను ఊకుంచు, పిలగాడు ధ్యానంల ఉన్నడు," అన్నది. ఆమె మొహం చూసి నేను కోళ్ళను గంప కింద కప్పేశాను.

రెండో పొద్దు అంతయ్య పోయాడు. ఆ రోజు పాఠం శ్వాస. ఒక ముక్కు మూసి ఇంకో ముక్కుతో పీల్చాలి, మళ్ళీ మార్చాలి. ఆయన అదంతా మగ్గం కిందికి తెచ్చుకున్నాడు. గుంటలో కూర్చుని ఎడమ కాలు తొక్కినప్పుడు ఎడమ ముక్కు అనేవాడు, కుడికాలు తొక్కినప్పుడు కుడి ముక్కు అనేవాడు. సిద్దిరాములు నాలుగుసార్లు పీల్చాడో లేదో పక్కకు ఒరిగాడు.

"నిన్న గోడ పనిచేసిందనుకున్నవు. గోడకేమున్నది, శ్వాసల ఉన్నది కత," అన్నాడు అంతయ్య పెళ్ళాంతో.

"గోడే లేకుంటే నీ శ్వాస ఏడ ఆనుకుంటుండె?" అన్నది కమలవ్వ.

మూడో పొద్దు బాలలక్ష్మి. మనసులోకి ఆలోచనలు వస్తే రానివ్వాలి, పోతే పోనివ్వాలి, వెంట పోవద్దు అన్నది ఆ రోజు పాఠం. బాలలక్ష్మి భర్త పక్కన కూర్చుని చెవిలో చెప్పింది. "సేటు మతిలకు వస్తే రానీ. పలుకరియ్యకు. భీవండి మతిలకు వస్తే దాన్ని గూడ పోనీ." చెబుతుండగానే అతడు నిద్రపోయాడు. ఆ మూడు రోజుల్లో సాంచె మీద ఒక్క గీత పడలేదు. ఆ పిల్ల మొహంలో వెలుగు చూసి నాకు కూడా స్వామి మీద కాస్త మెత్తబడ్డది. పైకి అనలేదు.

నాలుగో పొద్దు మళ్ళీ కమలవ్వ వంతు. ఆ రోజు మంత్రం. ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి స్వామి చెవిలో చెప్పాడట. కమలవ్వ ఇంటికి వస్తూనే పెదవులు బిగించింది. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం మా వాడకట్టు ఎప్పుడూ చూడలేదు.

"మంత్రమేంది, చెప్పు," అన్నాడు అంతయ్య.

"చెప్పొద్దన్నడు. చెప్తే దాని బలం పోతదట. చెప్పినోళ్ళకు పాపమట."

"గా మంత్రానికి కూలి నేను నేసిన బట్టే గద."

"నిద్ర వడుతనే ఉన్నది గద. ఇగ మంత్రమెందుకు? నా దగ్గరే ఉండనీ."

నేను కూడా ఆ సాయంత్రం గోడకు చెవి పెట్టాను. లాభం లేకపోయింది.

ఐదో పొద్దు అంతయ్య బట్ట మడిచి భుజాన వేసుకుని, బిళ్ళ పట్టుకుని సత్రానికి పోయాడు. బట్ట బాగుందని శిష్యుడు మెచ్చుకుని వేదిక చుట్టూ కట్టించాడు. అంతవరకు బాగానే ఉంది. తరవాత స్వామి, ముగింపుగా అందరూ వరుసగా వచ్చి ఎవరి మంత్రం వాళ్ళు తన చెవిలో అప్పజెప్పాలన్నాడు. వరుసలో అంతయ్య వంతు వచ్చింది. స్వామి చెవి వంచాడు. అంతయ్య కూడా వంగాడు.

"మంత్రం చెప్పవయ్యా," అన్నాడు స్వామి.

"నా దగ్గర లేదు సామి. మా ఇంటిదాని దగ్గరున్నది."

సత్రంలో ఎవరో కిసుక్కుమన్నారు. స్వామి నిలదీస్తే అంతయ్య దాచలేదు. ఎవరు ఏ రోజు వచ్చిందీ, ఏ పాఠం ఎవరి దగ్గర ఉన్నదీ వరుసగా చెప్పాడు. స్వామి కళ్ళు ఇంకా ఎర్రబడ్డాయి.

"ఒక్క రుసుముతో నలుగురు నేర్చుకున్నారా? ఇది దొంగతనం."

"దొంగతనం ఏడున్నది సామి? గీ బట్టకు నలుగురం పనిజేసినం. నలుగురి పనికి ఒక్క కూలి. గా కూలికి ఒక్క బిళ్ళ. మా ఇంట్ల నలుగురం కలిస్తేనే ఒక్క మనిషి లెక్క."

"నోరు మూయి అంతయ్యా, ఇజ్జత్ తీస్తున్నవు," అన్నాడు మొదటి వరుసలోంచి లింగమూర్తి.

"దొంగిలించిన విద్య నిలవదు. చూసుకో," అని స్వామి అతణ్ణి బయటికి పంపేశాడు. బట్ట మాత్రం వేదిక చుట్టూనే ఉంది, దాన్ని ఎవరూ విప్పలేదు. కోపంలో అంతయ్య బిళ్ళ చేత్తోనే పట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మగ్గం నడవలేదు. బట్ట అందింది కదా. సిద్దిరాములు గోడకు ఆనుకున్నాడు. ఎడమ ముక్కు, కుడి ముక్కు అన్నీ చేశాడు. ఆలోచనలను రానిచ్చాడు. అవి వచ్చాయి గానీ పోలేదు. ఆ రోజు నిద్ర లేదు, మర్నాడు లేదు. స్వామి నోటి మాట తగిలిందని ఇల్లంతా కుంగిపోయింది. సాంచె మీద మళ్ళీ గీత పడింది, పడుగు కూడా దిగిపోయింది. లింగమూర్తి అరవలేదు. పొద్దుపోయాక కూలి లెక్క ముట్టజెప్పి, రేపటినుంచి రావొద్దని మెల్లగా చెప్పాడు.

బాలలక్ష్మి ఏడవకుండా గుడ్డల మూట కట్టింది. కరీంనగర్ బస్సు పొద్దున పోతుంది, అక్కడినుంచి భీవండి దారి. కమలవ్వ చూసి చూసి కొడుకును దగ్గరికి లాక్కుంది.

"పాపం నాకే రానీ బిడ్డా," అని చెవిలో మంత్రం చెప్పేసింది. చెప్పి, నోరు కడుక్కుని వచ్చి, దూరంగా కూర్చుంది. సిద్దిరాములు ఆ మంత్రం అనుకుంటూ తెల్లారేదాకా దూలాలు చూశాడు. నిద్ర రాలేదు సరికదా, ఇప్పుడు కమలవ్వకు కూడా పోయింది. మంత్రమూ పాయె, కొడుకూ పాయె అని గోడ అవతల ఆమె అంటుంటే నేనూ లేచి కూర్చున్నాను.

తెల్లారింది. సిద్దిరాములు మూట మీద కూర్చుని గోడకు ఆనుకుని బస్సు వేళ కోసం చూస్తున్నాడు. అంతయ్య గుంటలోకి దిగాడు. స్వామి బట్ట పడుగులో చివరన కొద్దిగా మిగిలి ఉంది.

"గిప్పుడు మగ్గమెక్కుడేంది?" అన్నది కమలవ్వ.

"తువ్వాల నేస్త. పొయ్యేటోడు ఉత్త చేతులతోని పోవద్దు."

పోగు మోసే నాడె అటూ ఇటూ పోవడం మొదలుపెట్టింది. నేను వీడ్కోలు చెబుదామని అప్పటికే ఆ ఇంటి గడపలో నిలబడ్డాను. ఇంతలో వీధిలో టాంగా ఆగింది. స్వామి. ముగింపు అయినా సేటు ఆపుకుంటే ఇన్నాళ్ళు ఆగాడట, ఆయన కూడా ఆ బస్సుకే పోతున్నాడు. బిళ్ళ ఒకటి తక్కువైందని శిష్యుడు చెబితే, టాంగా మళ్ళించుకుని స్వయంగా వచ్చాడు. కోపం ఇంకా చల్లారలేదు. లోపలికి వచ్చి బిళ్ళ ఏదని అడిగాడు. బాలలక్ష్మి వెతకడానికి దొంతుల దగ్గరికి పోయింది. నిలబడలేక స్వామి సిద్దిరాములు పక్కన చాప మీద కూర్చున్నాడు. గోడకు ఆనుకున్నాడు.

బాలలక్ష్మి బిళ్ళ పట్టుకుని వచ్చేసరికి ఇద్దరూ నిద్రపోతున్నారు. ఒకరి తల ఒకరి వైపు ఒరిగి ఉంది. దూరంగా బస్సు హారన్ వినిపించింది. బాలలక్ష్మి భర్తను లేపబోయి, చేయి వెనక్కి తీసుకుంది.

అంతయ్య మగ్గం ఆపి, "ఏమైంది బిడ్డా?" అన్నాడు.

మగ్గం ఆగగానే ఇద్దరూ కదిలారు. సిద్దిరాములు కళ్ళు సగం తెరిచాడు. స్వామి గొణిగాడు. బాలలక్ష్మి మగ్గం వైపు చూసింది, వాళ్ళ వైపు చూసింది.

"మామా, ఆపకు," అన్నది మెల్లగా.

అంతయ్య కాలు వేశాడు. ఇద్దరి కళ్ళూ మూతపడ్డాయి. బాలలక్ష్మి చేయెత్తి ఆపమన్నది, కదిలారు. నడపమన్నది, గురక. ఇంకొకసారి చేసి చూసింది. తరవాత గుంజను పట్టుకుని నిలబడి, నవ్వుతూ ఏడవడం మొదలుపెట్టింది. సిద్దిరాములు పుట్టిన దగ్గరినుంచి ఆ గుంట పక్కనే, ఆ చప్పుడులోనే పడుకుని పెరిగాడు. అది ఏడాది కిందట ఆగిపోయింది. మేమంతా సాంచె చప్పుడును తిట్టుకున్నాం గానీ, ఇంట్లో ఏ చప్పుడు పోయిందో ఒక్కరమూ అనుకోలేదు. గోడ పంచుకుని ఉన్న నాకే తట్టలేదు, ఇంక డాక్టరుకేం తడుతుంది? బిళ్ళ కోసమని మొదలుపెట్టిన నేతే వాడికి నిద్ర తెచ్చింది.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. తువ్వాల పూర్తయింది, పడుగు అయిపోయింది. ఉత్త మగ్గం ఆడించడం మా వాళ్ళలో మహా అశుభం. అంతయ్య చేతులు ఎత్తి పెళ్ళాం వైపు చూశాడు.

"నేను మంత్రం జెప్పిన పాపం మోస్తున్న. నువ్వు గింత మొయ్యలేవా? కొట్టు," అన్నది కమలవ్వ.

ఆయన రాజన్నకు దండం పెట్టుకుని ఉత్త మగ్గమే కొట్టాడు.

కొంతసేపటికి లింగమూర్తి వచ్చాడు. స్వామి బస్సులో లేడని తెలిసి ఊరంతా వెతుక్కుంటూ వచ్చాడు. గోడ పక్కన తన గురువూ, తాను తీసేసిన పనివాడూ తలలు కలిపి గురకపెట్టడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ధ్యానంల ఉన్నరు సేటు. సప్పుడు చేయకు," అన్నది కమలవ్వ. లింగమూర్తి చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. స్వామి లేచేదాకా లేవలేదు. లేచేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

స్వామి చుట్టూ చూశాడు. ఆయన కళ్ళు తెల్లగా ఉన్నాయి. తపస్సు తేజమంతా దిగిపోయింది. ఆయన మొహం నాకు మొదటిసారి మామూలు మనిషి మొహంలా కనిపించింది. బాలలక్ష్మి జరిగింది చెప్పింది. ఆయన మగ్గాన్ని చూసి, లింగమూర్తి వైపు తిరిగాడు.

"లింగమూర్తీ, నీ కార్ఖానా మీద పడుకున్న మొదటి రోజునుంచీ నాకు కునుకు లేదు, ఇవాళ ఈ మగ్గం జోలకు పట్టింది. స్వామిని కదా, చెప్పుకోలేకపోయాను. అన్నాళ్ళకే నేను మనుషులను తిట్టే స్థితికి వచ్చాను. ఈ అబ్బాయి ఏడాదిగా దాని ముందు నిలబడ్డాడు. అతడి సాంచె అతడికి ఇవ్వు."

గురువు మాట, పైగా చుట్టూ వాడకట్టు చూస్తోంది. "రేపు పొద్దున రా," అన్నాడు లింగమూర్తి, అప్పుడే లేచిన సిద్దిరాములుతో. ఆ మాట విన్న బాలలక్ష్మి మూట ముడి అక్కడికక్కడే విప్పేసింది.

స్వామి ఆశ్రమానికి ఏడాది పొడుగునా చేనేత బట్ట కావాలన్నాడు, నూలు తానే పంపుతానని, కూలి ఇస్తానని చెప్పాడు. అంతయ్య తల ఊపాడు గానీ, సాయంత్రం పూటే నేస్తానన్నాడు. పగలు ఆ ఇంట్లో పడుకునేవాళ్ళు ఎవరూ లేరు కదా. బాలలక్ష్మి రేకుబిళ్ళ తెచ్చి స్వామి చేతిలో పెట్టింది. అంతా అయింది, స్వామి లేచాడు. అప్పుడు కమలవ్వ ముందుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"సామి, తప్పయింది. మీరిచ్చిన మంత్రం నా కొడుకుకు జెప్పేసిన. పాపం ఏదున్నా నా మీదనే ఉండేటట్టు జూడుండ్రి. పిలగానికి తగలొద్దు."

స్వామి లింగమూర్తి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. బాగా నిద్రపోయి లేచిన మనిషి, అబద్ధం ఆడటానికి మనసు రాలేదనుకుంటాను.

"ఏ పాపమూ లేదమ్మా. బెంగ పెట్టుకోకు. అందరికీ చెప్పింది ఒకటే మంత్రం."

కమలవ్వ లేచి నిలబడింది. కొంగు సర్దుకుని, స్వామి చేతిలోని బిళ్ళ వంక చూసింది.

"అందరికి ఒక్కటే ఇచ్చినప్పుడు, మా నలుగురికి ఒక్క బిళ్ళ ఎట్ల జాలదంటిరి సామి?"

స్వామి బిళ్ళను తిరిగి కమలవ్వ చేతిలోనే పెట్టి టాంగా ఎక్కాడు.